ఖుస్రో పర్వేజ్: తండ్రి కిరీటము, తనయుని తీర్పు

ఉర్దూ, తెలుగు రచనలు రెండూ ఒకే అట్టల నడుమ ఒదిగే వార్షిక సంచిక మనది. ఒక వైపు నుండి తెరిస్తే ఉర్దూ లిపి కుడి నుండి ఎడమకు సాగుతుంది. మరొక వైపు నుండి తెరిస్తే తెలుగు లిపి ఎడమ నుండి కుడికి నడుస్తుంది. ఈ రెండు వైపుల చదువరులకూ సంబంధించిన ఒక చారిత్రక పురుషుని జీవితాన్ని ఈ ఏడు పరిచయం చేయాలని సంకల్పించాము. ఆయన సాసానీ వంశపు పారశీక చక్రవర్తి రెండవ ఖుస్రో. విజేత అనే అర్థం గల పర్వేజ్ బిరుదుతో లోకప్రసిద్ధుడు. క్రీ.శ. 590 నుండి 628 వరకు ఏలినవాడు.

ఉర్దూ విద్యార్థులకు అతడు షీరీన్ ప్రియుడు, ఫర్హాద్‌కు ప్రత్యర్థి. తెలుగు విద్యార్థులకు అతని పేరు చరిత్ర పాఠంలో చాళుక్య రెండవ పులకేశి వద్ద ఒక్కసారి వినబడి మాయమవుతుంది. ఐరోపా సంగీతప్రియులకు అతడు రంగస్థలం మీద పశ్చాత్తాపంతో కుమిలిపోయే వృద్ధ జనకుడు. ఈ మూడు రూపాలలో ఏది నిజమైన ఖుస్రో? కావ్యం ఏమి దాచుకొన్నది, నాటకం ఏమి మార్చుకొన్నది, చరిత్ర ఏమి మిగిల్చినది? ఇదే మా వ్యాసానికి ప్రయోజనము.

వంశము

ఖుస్రో సుమారు 570వ సంవత్సరంలో జన్మించాడు. అతని తాత మొదటి ఖుస్రో. న్యాయానికి మారుపేరుగా ఫారసీ, ఉర్దూ కథలు నౌషేర్వాన్ అని కీర్తించే ప్రభువు ఆయనే. తండ్రి నాలుగవ హొర్మజ్ద్. వారి రాజధాని టైగ్రిస్ నదీతీరాన, నేటి బాగ్దాదుకు సమీపంలో ఉన్న టెసిఫాన్ నగరము. అరబ్బులు దానినే మదాయిన్ అన్నారు. ఇంచుమించు ఆ కాలముననే, 575 ప్రాంతంలో, మన కడప సీమలోని కలమళ్లలో రేనాటి చోళుల తెలుగు శాసనం వెలసింది. మన భాష రాతిమీద తొలి వాక్యాలు దిద్దుకొంటున్న దినాలలో ఈ రాకుమారుడు టెసిఫాన్‌లో పెరుగుతున్నాడన్నమాట.

అతని కథ అర్థం కావాలంటే ఒక పూర్వ వృత్తాంతం తెలియాలి. సాసానీలకు ముందు సుమారు 470 ఏండ్లు పారశీక భూమిని పార్థియన్లు ఏలారు. 224లో సాసానీ అర్దషీర్ చివరి పార్థియన్ ప్రభువు అర్తబానుని యుద్ధంలో సంహరించి కొత్త వంశాన్ని నెలకొల్పాడు. రాజు మారాడే గాని పార్థియన్ మహాకుటుంబాలు మాయం కాలేదు. తమ భూములు, తమ అశ్వదళాలు, తమ కోటలు నిలుపుకొని అవి సాసానీలకు సేనాపతులను ఇస్తూ వచ్చాయి. రాయలు పోయిన తరువాత కూడా కొండకోటలలో నిలిచిన మన సీమ పాళెగాండ్ర సంగతి ఎరిగినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఖుస్రో జీవితాన్ని ఆదిలోనూ అంతంలోనూ శాసించినవారు ఈ కుటుంబాల వారే.

తండ్రి పతనము

మిహ్రాన్ అనే పార్థియన్ కుటుంబానికి చెందిన బహ్రామ్ చోబీన్ ఆనాటి మహాసేనాని. తూర్పు సరిహద్దున శత్రువులను గెలిచి మహాకీర్తి గడించాడు. పిమ్మట రోమనులతో జరిగిన ఒక పోరులో ఓడగా, హొర్మజ్ద్ అతనికి స్త్రీల దుస్తులు పంపి అవమానించాడని కథనము. బహ్రామ్ తిరుగుబాటు జెండా ఎత్తి రాజధాని మీదికి నడిచాడు. ఈ కల్లోలంలో ఖుస్రో మేనమామలు విందూయా, విస్తామ్ అనే సోదరులు రాజసౌధంలో కుట్ర నడిపారు. వీరు మరొక పార్థియన్ కుటుంబం వారు. 590లో హొర్మజ్ద్‌ను గద్దె దింపి, కన్నులు పొడిపించి, ఇరువది ఏండ్ల ఖుస్రోకు కిరీటం పెట్టారు. అంధుడైన తండ్రి కొద్ది దినాలకే హతుడైనాడు.

ఆ హత్యలో కుమారుని పాత్ర ఎంత? ప్రాచీన చరిత్రకారులు ఒకరు చెప్పినట్లు మరొకరు చెప్పరు. ఆజ్ఞ ఇచ్చెనా, ఎరిగి మిన్నకుండెనా, ఎరుగకయే ఉండెనా అన్నది వాదగ్రస్తము. ఒక్కటి మాత్రం నిస్సంశయము. తండ్రి రక్తం ఆరకముందే తనయుడు సింహాసనం మీద కూర్చున్నాడు. ఆ మచ్చ అతడిని జీవితాంతం వెంటాడింది.

కిరీటం దక్కిందే గాని రాజ్యం దక్కలేదు. బహ్రామ్ రాజధానిని ఆక్రమించి తానే చక్రవర్తినని ప్రకటించుకొని తన పేర నాణెములు ముద్రించాడు. ఖుస్రో కొద్దిమంది అనుచరులతో యూఫ్రటీస్ దాటి, తన వంశానికి పరంపరాగత శత్రువైన తూర్పు రోమను సామ్రాజ్యంలో శరణు వేడాడు. చక్రవర్తి మారిస్ ఆ యువకుని ఆదరించి సేనలను ఇచ్చాడు. 591లో బహ్రామ్ ఓడి తురుష్కుల దేశానికి పారిపోయి అక్కడ హత్యకు గురైనాడు. ప్రతిఫలంగా ఖుస్రో దారా కోటను, ఆర్మీనియాలో విశాల భూభాగాన్ని రోమనులకు అప్పగించాడు.

తిరిగి గద్దెనెక్కిన ప్రభువుకు తనను గద్దెనెక్కించిన చేతులంటేనే భయం పుట్టింది. మేనమామ విందూయాను చంపించాడు. రెండవ మేనమామ విస్తామ్ ఉత్తరాన తిరుగుబాటు చేసి, స్వంత నాణెములు వేయించి, కొన్నేండ్లు నిలిచి చివరకు హతుడైనాడు. తండ్రిని చంపినవారిని శిక్షించానని ఖుస్రో లోకానికి చెప్పుకొనగలిగాడు. తన ఋణదాతలను తొలగించుకొన్నాడని లోకం అనుకొన్నది.

వైభవము

ఇక వచ్చినది ప్రాచీన కవులు పాడుకొన్న కాలము. రాజధానికి ఈశాన్యంగా దస్తగర్ద్ అనే చోట ఖుస్రో మహాప్రాసాదం నిర్మించుకొన్నాడు. అతని అశ్వం షబ్దీజ్ కథలకెక్కింది. బార్బద్ అనే గాయకుడు అతని ఆస్థానాన్ని అలంకరించాడు. పారశీక సంగీత సంప్రదాయం నేటికీ బార్బద్‌ను ఆదిగురువుగా స్మరిస్తుంది.

అన్నిటికి మించి షీరీన్. ఆమె క్రైస్తవ మతస్థురాలు. అగ్నిని ఆరాధించే చక్రవర్తి ఆమెను పట్టమహిషిగా మన్నించి, ఆమె కోసం సెర్జియస్ అనే క్రైస్తవ మహాత్ముని ఆలయానికి కానుకలు పంపాడు. ఆమె వలన కలిగిన కుమారుడు మర్దాన్‌షా అంటే ఖుస్రోకు ప్రాణము. జ్యేష్ఠ కుమారుడు షీరూయా మరొక రాణి బిడ్డ. ఈ పక్షపాతమే కడపటి అనర్థానికి బీజమయింది.

పన్నెండవ శతాబ్దిలో నిజామీ గంజవీ, ఆ తరువాత 1298లో మన అమీర్ ఖుస్రో దెహ్లవీ ఈ ప్రేమకథను మహాకావ్యాలుగా మలచారు. వాటిలో కొండను తొలిచే ఫర్హాద్ చరిత్ర పురుషుని మించి ప్రకాశించాడు. ప్రియురాలి కోసం రాతిలో పాల కాలువ తెచ్చిన ఆ శిల్పి పేరనే అసాధ్య కార్యాన్ని ఉర్దూలో జూయే షీర్ లానా అంటారు. కాలువ తవ్వినవాడిని ప్రేమించడం, తవ్వించినవాడిని సందేహించడం ప్రజల సహజ గుణము కాబోలు.

విజయాల పరంపర

602లో రోమను సేనలో తిరుగుబాటు చెలరేగి మారిస్ చక్రవర్తి తన కుమారులతో సహా వధింపబడ్డాడు. ఆశ్రయమిచ్చినవానికి ప్రతీకారం తీర్చుకొంటానని ఖుస్రో యుద్ధభేరి మోగించాడు. కారణం ధర్మబద్ధమే. కాని పావుశతాబ్ది పైగా సాగిన ఆ యుద్ధం ప్రతీకారంతో ఆగలేదు. 614లో జెరూసలేము పడిపోయింది. క్రైస్తవులు అతి పవిత్రంగా భావించే శిలువను పారశీకులు తరలించుకొనిపోయారు. 619లో అలెగ్జాండ్రియా పడి ఈజిప్టు వశమయింది. 626లో పారశీక సేన కాన్‌స్టాంటినోపుల్ ఎదుటి తీరాన నిలిచింది. వెయ్యేండ్ల క్రిందటి దారియస్, జెర్క్సెస్‌ల నాటి విస్తీర్ణం మరల సిద్ధించినట్లే కనబడింది.

కాని మారిస్ వధ తరువాత రాజ్యమేలిన ఫోకాస్‌ను 610లోనే హెరాక్లియస్ తొలగించి శిక్షించాడు. ప్రతీకారానికి కారణమే మిగలలేదు. అయినా ఖుస్రో సంధికి సమ్మతించలేదు. దివ్య ఖురాన్‌లోని రూమ్ అధ్యాయం ఈ యుద్ధాన్నే ప్రస్తావించి, ఓడిన రోమనులు కొద్ది ఏండ్లలో తిరిగి గెలుస్తారని ముందుగా తెలిపినదని మన ఉర్దూ విద్యార్థులు ఎరుగుదురు.

దక్కను నుండి వెళ్లిన లేఖ

ఇప్పుడు మన తెలుగు విద్యార్థులు శ్రద్ధగా వినవలసిన ఘట్టము. పదవ శతాబ్ది ప్రారంభం వరకు జీవించిన మహాచరిత్రకారుడు తబరీ అరబ్బీలో రచించిన చరిత్రలో, ఖుస్రో పాలన 36వ ఏట, అనగా 625-26 ప్రాంతంలో, ఒక హిందూదేశపు రాజు దూతలను పంపిన ఉదంతం ఉన్నది. అరబ్బీ లిపిలో ఉన్న ఆ రాజు పేరును పండితులు పరమేశ్వర అని గుర్తించారు. అది బాదామి చాళుక్యుడైన రెండవ పులకేశి బిరుదు. నర్మదా తీరాన హర్షుని నిలువరించినవాడు, పిఠాపురాన్ని జయించినవాడు, తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుని వేంగిలో నిలిపి తూర్పు చాళుక్య వంశానికి మూలకారకుడైనవాడు ఆ పులకేశియే. అజంతా మొదటి గుహలోని ఒక చిత్రం ఈ రాయబారానిదేనని పందొమ్మిదవ శతాబ్దిలో కొందరు భావించారు గాని, నేటి పండితులు దానిని అంగీకరించుటలేదు. తబరీ వాక్యం మాత్రం నిలిచి ఉన్నది.

దూతలు చక్రవర్తికే గాక అతని కుమారులకు కూడ వేర్వేరుగా కానుకలు, లేఖలు తెచ్చారట. షీరూయాకు ఒక ఏనుగు, ఖడ్గము, తెల్లని డేగ, జరీ వస్త్రము వచ్చాయి. అతనికి వ్రాసిన లేఖను రహస్యంగా ఉంచమని సూచన ఉన్నది. తండ్రికి అనుమానం కలిగి, ముద్ర విప్పించి, భారతీయ లేఖకునిచే చదివించాడు. తండ్రి పాలన 38వ ఏట నీవు సింహాసనం అధిష్ఠిస్తావు, సంతోషించుము అని దాని సారాంశము. ఖుస్రో ఆ లేఖకు మరల ముద్ర వేయించి షీరీన్ వద్ద భద్రపరచాడు. జోస్యం పలికిన ఆ లేఖ తరువాత అల్లిన కథ కావచ్చును. అయినా పారశీక రాజగృహంలో తండ్రీకొడుకుల నడుమ రగిలిన అనుమానంలో మన దక్కను లేఖ ఒకటి నిలిచిపోవడం విచిత్రమే.

మరొక లేఖ కూడ ఆ సంవత్సరాలలోనే అతని సన్నిధికి చేరింది. మహమ్మద్ ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) వారు అబ్దుల్లా బిన్ హుజాఫా అనే సహచరుని ద్వారా సత్యధర్మానికి ఆహ్వానిస్తూ కిస్రాకు లేఖ పంపారని, అతడు గర్వంతో దానిని చించివేశాడని ఇస్లామీయ సంప్రదాయం తెలుపుతున్నది. ఒక లేఖను భయంతో దాచాడు, ఒక లేఖను అహంకారంతో చించాడు. రెంటినీ వివేకంతో చదువలేకపోయాడు.

తెగిన గట్లు

627 డిసెంబరు 12న నినెవే యుద్ధంలో హెరాక్లియస్ పారశీక సేనను భగ్నం చేశాడు. 628 ఆరంభంలో దస్తగర్ద్ ప్రాసాదం శత్రువుల పాలైంది. చక్రవర్తి టెసిఫాన్‌కు పలాయనం చేశాడు.

అదే కాలంలో టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు కనీవినీ ఎరుగని రీతిగా పొంగి గట్లు తెంచుకొన్నాయని తొమ్మిదవ శతాబ్ది చరిత్రకారుడు బలాజురీ వ్రాశాడు. ఖుస్రో ధనాన్ని కుప్పలుగా పోయించినా, గండ్లు పూడ్చలేకపోయిన పనివారిని నలువది మందిని ఒక్క దినమున శిలువ వేయించినా నీరు లొంగలేదు. సస్యక్షేత్రాలు చిత్తడి నేలలైపోయాయి. తరతరాల రైతుల చెమటతో నిలిచిన కాలువల వ్యవస్థ నాశనమయింది.

కుందుర్పి పీఠభూమిలో నివసించే మనకు ఈ ఘట్టం యుద్ధవర్ణనల కన్న బరువైనది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మనది. చెరువు కట్ట తెగితే ఏమి పోతుందో మన పెద్దలకు తెలియును. కట్ట తెగిన రాత్రి పారపట్టిన కూలీని శిక్షించినందువల్ల నీరు నిలువదు. వర్షానికి ముందే కట్టను చూచుకొన్న ఊరిలోనే నిలుస్తుంది. దూరదేశాల కోటలు గెలిచిన ప్రభువు తన పొలాల గట్టును నిలుపుకోలేకపోవడమే అతని పాలనకు సరియైన కొలమానమని మా అభిప్రాయము.

విచారణ, మరణము

రోగగ్రస్తుడైన ఖుస్రో మర్దాన్‌షాకు పట్టం కట్టదలచాడు. అది తెలిసి షీరూయా ప్రభువర్గంతో చేతులు కలిపాడు. పార్థియన్ మహాకుటుంబాల వారు మరల రంగంలోకి దిగారు. 628 ఫిబ్రవరి 25న షీరూయా రెండవ కవాద్ అనే పేరుతో రాజైనాడు. తండ్రి బందీ అయినాడు.

కుమారుడు తండ్రి మీద నేరారోపణలు వ్రాసి పంపిన వైనం తబరీ విపులంగా చెప్పాడు. తండ్రి హొర్మజ్ద్ పట్ల చేసిన ద్రోహము, స్వంత కుమారులను నిర్బంధించిన తీరు, ప్రజలను పీడించి పన్నులు రాబట్టిన క్రౌర్యము, సైనికులను ఏండ్ల తరబడి సరిహద్దులలో కుటుంబాలకు దూరం చేసిన నిర్దయ, ఉపకారి మారిస్ జాతి పట్ల కృతఘ్నత మొదలైనవి వాటిలోనివి. ఖుస్రో ప్రతి ఆరోపణకూ బదులు చెప్పాడు. దక్కను లేఖ ప్రసక్తి వచ్చినది ఆ సమాధానంలోనే. నీ రాజ్యమే నా వినాశమని ఎరిగియుండి కూడ నిన్ను చంపలేదని తన వాత్సల్యానికి ఆ లేఖను సాక్ష్యంగా చూపాడు. తండ్రిగా అతడు చూపగలిగిన ఏకైక సాక్ష్యము అదే.

షీరూయా సందేహించాడు. ప్రభువర్గం ఒత్తిడి చేసింది. చక్రవర్తి మీద కత్తి ఎత్తుటకు ఎవరూ సాహసింపలేదు. చివరకు మిహ్ర్ హొర్మజ్ద్ అనే యువకుడు ముందుకు వచ్చాడు. జ్యోతిష్కుల మాట నమ్మి ఖుస్రో పూర్వం నీమ్రోజ్ ప్రాంతాధిపతి అయిన ఒక విధేయుని కుడిచేయి నరికించాడు. అవమానంతో బ్రదుకలేనని ఆ వృద్ధుడు మరణాన్నే కోరి పొందాడు. అతని కుమారుడే ఈ యువకుడు. ఫిబ్రవరి 28న అతడు ఖుస్రోను వధించాడు. తన తండ్రిని చంపినవానిని చంపడం కుమారుని ధర్మమని పలికి, షీరూయా ఆ యువకుని కూడ చంపించాడట. తండ్రి ఋణాలు తనయులు రక్తంతో తీర్చుకొన్న ఈ వరుసను తలచినప్పుడు మనస్సు కలత చెందక మానదు.

మర్దాన్‌షా ముందే హతుడైనాడు. పదిహేడుగురు సోదరులను షీరూయా చంపించాడని, మరునాడు సోదరీమణులు బోరాన్, ఆజర్మీదుఖ్త్ నిందింపగా కిరీటం విసరివేసి విలపించాడని తబరీ కథనము. కొద్ది మాసాలకే అతడు అదే ఏట మరణించాడు. నాలుగేండ్లలో అనేకులు గద్దెనెక్కి దిగారు. ఆ సోదరీమణులిద్దరూ కూడ ఏలికలైనారు. 651లో ఖుస్రో మనుమడు మూడవ యజ్దగర్ద్ మరణంతో సాసానీ వంశం అంతరించింది.

లండన్ రంగస్థలముపై

ఖుస్రో మరణించిన సరిగా 1100 ఏండ్లకు, 1728 ఫిబ్రవరి 17న, లండన్ హేమార్కెట్‌లోని కింగ్స్ థియేటరులో అతడు మరల సింహాసనం ఎక్కాడు. జర్మనీలో పుట్టి లండన్‌లో స్థిరపడిన హాండెల్ స్వరపరచిన సిరోయే అనే సంగీత నాటకము అది. షీరూయా పేరే ఇటాలియను నోట సిరోయే అయినది. కొసరోయే ఖుస్రో. మెదార్సే మర్దాన్‌షా. సంభాషణలతో సహా సర్వమూ గానంగా సాగే ఈ ప్రక్రియకు ఒపెరా అని పేరు. పద్యం చదివి రాగం తీస్తే ప్రేక్షకులు మరల మరల పాడించుకొనే మన పద్యనాటకం ఎరిగినవారికి దాని రుచి కొంత అందుతుంది. నాయక పాత్రను సెనెసినో అనే ప్రసిద్ధ గాయకుడు స్త్రీ కంఠాన్ని తలపించే ఉచ్చస్వరంలో పాడాడు.

మూలరచన ఇటాలియను కవి మెతస్తాజియోది. 1726లో వెనిస్‌లో విన్చి సంగీతంతో మొదట ప్రదర్శితమయింది. వివాల్ది, హస్సే మొదలైనవారు కూడ దానికి స్వరాలు కూర్చారు. ఆ శతాబ్దిలో జెర్క్సెస్, అర్తజెర్క్సెస్ వంటి పారశీకులు, వొలొగేసెస్ వంటి పార్థియను రాజు ఐరోపా రంగస్థలం మీద తరచు దర్శనమిచ్చేవారు. దూరదేశపు రాజు ముసుగులో స్వదేశపు రాజుకు నీతి బోధించుట ఆనాటి పద్ధతి.

నాటకంలో తండ్రి చిన్న కొడుకుకే పట్టం కట్టజూస్తాడు. సద్గుణుడైన సిరోయే తండ్రిపై జరుగనున్న హత్యాప్రయత్నాన్ని పేరు లేని లేఖతో హెచ్చరిస్తాడు. ఆ కీర్తిని తమ్ముడు తనదిగా చెప్పుకొంటాడు. నాయిక ఎమిరా మన దేశపు కంబాయతు రాకుమారి. తన తండ్రిని చంపిన ఖుస్రోపై పగ తీర్చుకొనుటకు పురుషవేషంలో కొలువు చేరుతుంది. తండ్రి సిరోయేకు మరణశిక్ష విధించి, అతడు చనిపోయాడని విని, నిజం తెలిసి కుమిలిపోతాడు. కాని సిరోయే బ్రదికియే ఉన్నాడు. ప్రజలు అతనికి కిరీటమిస్తారు. అతడు తండ్రిని, తమ్ముని క్షమిస్తాడు. ఎమిరా పగ వదలుతుంది. అందరూ కలసి పాడగా తెర పడుతుంది.

చరిత్రలో తమ్ములను చంపించినవాడు నాటకంలో క్షమామూర్తి అయినాడు. దీనిని అబద్ధమని కొట్టివేయవచ్చును. ఆలోచించి చూస్తే, టెసిఫాన్‌లో ఎవరూ పలుకని ఒకే ఒక మాట, క్షమ, లండన్‌లో పలుకబడింది. జరిగినదానిని చరిత్ర చెప్పింది. జరుగవలసినదానిని నాటకం చెప్పింది.

మన సీమలో దీనికి విపర్యయం జరుగుట గమనార్హము. ధర్మవరంలో జన్మించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు రచించిన విషాద సారంగధర నాటకాన్ని తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పరిగణిస్తారు. అందులోనూ తండ్రి అపవాదును నమ్మి నిర్దోషి అయిన కుమారుని దండిస్తాడు. సిద్ధుని దయతో రాకుమారుడు కోలుకొనే పాత కథాంతాన్ని వదలి ఆచార్యులవారు దుఃఖంతోనే తెర దించారు. ఆ తండ్రి రాజరాజ నరేంద్రుడు, పులకేశి తమ్ముడు వేంగిలో నెలకొల్పిన వంశపు రాజు. ఖుస్రోకు లేఖ పంపిన ఇంటిలోనే అదే విషాదం పుట్టినట్లు మన నాటకకర్త చూపాడు. లండన్ ప్రేక్షకుడు ఊరట పొంది ఇంటికి వెళ్లాడు. మన ప్రేక్షకుడు తీర్పు చెప్పేముందు విచారించాలన్న పాఠం మోసుకొని వెళ్లాడు.

గుర్రం జాషువా తన ఫిరదౌసి కావ్యం ద్వారా షానామా కర్తను తెలుగువారి ఆత్మబంధువును చేశారు. ఆ షానామాలోనే, ప్రభువు పతనవార్త విని బార్బద్ పరుగున వచ్చి విలపించి, తన వ్రేళ్లు కోసుకొని, వాద్యాలను దహించిన ఘట్టం ఉన్నది. సేనానులు, బంధువులు, కుమారులు విడిచిన వేళ కడదాక నిలిచినవాడు ఒక గాయకుడు.

ప్రియ విద్యార్థులారా! కుందుర్పి కొండమీది శిథిలమైన కోటగోడల నడుమ నిలిచి క్రిందికి చూస్తే మనకు రెండు వస్తువులు కనబడుతాయి. ఒకటి రాజులు కట్టుకొన్న గోడ, రెండవది రైతులు కాపాడుకొన్న చెరువు కట్ట. ఖుస్రో పర్వేజ్ మొదటిదానిని నమ్మి రెండవదానిని మరచాడు. తండ్రి పట్ల జరిగిన అన్యాయాన్ని సరిదిద్దక దానిమీదనే సింహాసనం వేసుకొన్నాడు. విజేత అనే బిరుదు అతనికి మిగిలింది. విజయం మిగలలేదు. షీరీన్ కథను ఉర్దూలో చదివే మిత్రులు పులకేశి లేఖను, పులకేశి పాఠం తెలుగులో చదివే మిత్రులు షీరీన్ కథను పరస్పరం చెప్పుకొన్ననాడు ఈ సంచికకు రెండు వైపుల నుండి తెరుచుకొనే అట్టలు ఉన్నందుకు సార్థకత చేకూరగలదని విశ్వసిస్తున్నాము.